పోచమ్మ ముందు పెట్టిన సీసా

మంచుపెట్టెలో సీసా కనిపించక వినోద వంటింట్లోకి పరుగెత్తింది.

“అమ్మా, గీ పెట్టెల చిన్న సీసా ఏదే?”

“పరేషాన్ గాకు. పొద్దుగాల బోరంచ గుడికి పోయి, నల్లపోచమ్మ ముంగట పెట్టి తెచ్చిన.”

తల్లి పోశమ్మ అందించిన సీసాకు బయటంతా పసుపు, కుంకుమ. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

రోగాన్ని గుర్తుపట్టే కణాల మీద ఉండే ఒక ప్రొటీన్‌ను వినోద పనిచేసే ల్యాబ్‌లో తయారుచేసి అందులో నింపారు. దారిలో రాత్రికి ఇంటి దగ్గర ఆగింది; మధ్యాహ్నానికల్లా దాన్ని బీదర్‌లో ఇంకో ల్యాబ్‌కు చేర్చాలి.

“మంచుల నుంచి తీస్తే పాడైతదే!”

“అయితే జల్దీ మీ నాయినకు సూది ఎయ్యి. చేతి ఏళ్లు వంకర పోయినయి, చూస్తలేవా?”

“మనుషులకిచ్చేది కాదమ్మా. పరిశోధనకు.”

“మందు తయారుచేస్తున్ననని రెండేండ్ల సంది నువ్వే చెప్పవడితివి గదనే!”

విడమరిచి చెప్పే ఓపిక లేక వినోద అన్న మాట అది.

మంచం మీంచి తండ్రి భూమన్న అన్నాడు: “మందు కాదని నాకెరుకనే బిడ్డా. గా మాట ఇన్నప్పటి సంది మీ అమ్మ కంటినిండ పంటున్నది. అందుకే ఊకున్న.”

పోశమ్మ బిడ్డ చేతిలోంచి సీసా తీసుకుంది. దాని మీది కుంకుమను కొంగుతో తుడిచి, తిరిగి మంచులో పెట్టింది.