అద్దం మీద బొట్టు

"ఏంది మా ఇది! ఎంత పని జేసినావు మా!"

వీరభద్ర కేకకు రేకుల షెడ్డు దద్దరిల్లింది. గడప కాడ కూచుని వక్కలు కత్తిరించుకుంటాండే వాళ్లమ్మ వెంకటలక్ష్మమ్మ తలెత్తి చూసింది. మళ్లీ వక్కల మీదికి వంగింది.

వెనక గదిలో, దూలానికి కట్టిన తీగకు ఎలక్ట్రిక్ గిటారు వేలాడతాండాది. మెడా తీగలూ ఊడదీసిన వట్టి మొండెం. అది చెక్కంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. కడపలో బండ్లకు రంగులేసే వీరభద్ర తొమ్మిది దినాలు దాంతోనే కాపురం చేసినాడు. ఎమిరీ పేపరుతో అరగదీసి, నల్లరంగు కొట్టి, అది గాజు మాదిరి నునుపు తేలేదాకా రుద్ది, ఆపైన పలచగా, వెండి మాదిరి మెరిసే క్రోమ్ రంగు కొట్టినాడు. దుమ్ము లేయకుండా పూటకు రెండు బిందెల నీళ్లు నేల మీద చల్లినాడు. ఏమాటకామాటే చెప్పుకోవాల, అద్దమంటే అద్దమే! చూసుకుంటే మీసంలో తెల్లవెంట్రుకలు కూడా కనపడతాండాయి. ఒకటే తిరకాసు. ఆ క్రోమ్ రేపు పొద్దునకు బాగా ఆరి గట్టిపడేదాకా వేలు తగలకూడదు. తగిలిందా, ఆ చోటు మసకబారి చస్తాది. మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే.

అట్లాంటి అద్దానికి నట్టనడుమ ఎవరో పసుపు పూసి, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టినారు.

ఎవరో ఏంది, అడగాల్నా? షెడ్డులో నుంచి ఏ బండి బయటపడినా వెంకటలక్ష్మమ్మ బొట్టు పెట్టందే వదలదు. ఒక తూరి పోలీసోళ్ల జీపుకే పెట్టేసింది. ఎస్సై నవ్వి ఊరుకున్నాడు గాబట్టి సరిపోయింది.

"దీన్ని ముట్టొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పినా గదా మా!"

"చెప్పినావు."

"మళ్ల?"

"అయిపాయ గదా నాయనా. ఎంత తిడతావో తిట్టు."

మామూలుగా ఒక మాటంటే పది మాటలు అప్పజెప్పే మనిషి. ఆమె అట్లా మెత్తబడేసరికి వీరభద్ర కోపం నీరుగారిపోయింది. తల పట్టుకుని స్టూలు మీద కూలబడినాడు.

సరిగ్గా అప్పుడే బయట స్కూటీ ఆగింది.

"అన్నా! అయిపాయనా?"

శివాని. ఈడ ఇంజనీరింగు చదివే వేంపల్లె పిల్ల. గిటారు ఆ పిల్లదే. రేపు సాయంత్రం కాలేజీ స్టేజీ మీద మొట్టమొదటి తూరి వాయించబోతాండాది.

వీరభద్ర గబుక్కున లేచి వెనక గది తలుపుకు అడ్డం నిలబడినాడు. మాట మార్చేకి, "రేపు మీ ఇంట్లో వాళ్లు వస్తాండారా తల్లీ?" అన్నాడు.

"అమ్మ వస్తాది. నాయన సంగతే..." శివాని నవ్వబోయి నవ్వలేకపోయింది. "నాతో మాట్లాడక ఆర్నెల్లాయనన్నా. గిటారు పేరెత్తితే అన్నం ముందర నుంచి లేసిపోతాడు. గిటారుకు ఈడ రంగు కొట్టిస్తాండానని, రేపు రమ్మని అమ్మతో చెప్పించినా. వచ్చినా ముందర కూచునే మనిషి గాదు, యాడో గేటు కాడ నిలబడతాడు. అందుకే గదన్నా క్రోమ్ కొట్టమంటి. లైటు పడితే ఆ గేటు దాకా మెరవాల. అదిగో నా బిడ్డ అని మా నాయన ఒక్కసారి అనుకుంటే చాలు నాకు."

ఈ పిల్లకు ఏ మొగం పెట్టుకుని చెప్పేది? ఇంక దాచి మాత్రం ఏం లాభం? వీరభద్ర పక్కకు తొలిగినాడు.

శివాని లోపలికి పోయింది. ఆ మెరుపు చూస్తానే మొగం వెలిగిపోయింది. మరు నిమిషం బొట్టు కనపడింది.

"మా అమ్మకు చాదస్తం తల్లీ. తప్పు నాదే, నిన్న సందేళ రంగులో కలిపే టిన్నరు తెచ్చేకి పోతా తాళం వేయకపోతి. దీన్ని మళ్లీ కొట్టాలంటే వారం పైనే పడతాది."

"రేపే గదన్నా..." ఆ పిల్ల కండ్లల్లో నీళ్లు గిర్రున తిరిగినాయి. అయినా ముసలామెను పల్లెత్తు మాట అనలేదు. పోయి ఆమె పక్కన కూచుని చెయ్యి పట్టుకుంది. "పోనీలే అవ్వా. మంచి జరగాలనే గదా పెట్టింది."

ఆ మాటకు వెంకటలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగం పక్కకు తిప్పుకుంది.

"కుంకుమ తుడిస్తే పోతాది తల్లీ. కింద మచ్చ మాత్రం పోదు," అన్నాడు వీరభద్ర. "దాని మీద మంచి స్టిక్కరు ఒకటి అంటిస్తా. దూరానికి ఎవరికీ తెలీదు. ముందు దాన్ని శుభ్రంగా తుడువు."

"అట్లే లేన్నా. ఏం చేస్తాం."

శివాని కండ్లొత్తుకుని, అదే చేతిరుమాలు పట్టుకుని గిటారు దగ్గరికి పోయింది. గుడ్డ బొట్టుకు ఆనబోతాండగా, వెంకటలక్ష్మమ్మ ఒళ్లో వక్కలన్నీ నేలపాలు చేసి ఉరికొచ్చి, ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తుడచొద్దు తల్లీ! చెప్పనని మాటిచ్చినా, పోతే పోనీ నా మాట. అది నేను పెట్టింది గాదు. నిన్న వీడు లేనప్పుడు మీ నాయన వచ్చి, చెప్పులు బయటిడిసి, నా కుంకుమ బరిణె అడిగి తీసుకోని, తన చేత్తో పెట్టిపాయ!"