ఆర్విల్ మెచ్చిన కుర్రాడు

"దవడ ఎముక విరిగినా మర్నాడు ఆడాడు. వీణ్ణి పైకెక్కించండి" అన్నాడు గ్రాంట్.

మోరీన్ లేచి, బోర్డు మీద ఏడో చోట ఉన్న పేరు బిళ్ళని తీసి మూడో చోట అతికించింది. ఐస్ హాకీ జట్టు చేతిలో ఉన్న కుర్రాళ్ల ఆటల్లోంచి మంచి ముక్కలు ఏరి వీడియోలు తయారుచేయడం ఆమె పని. ఏటా మే నెలాఖరున ఐస్ రింకు కింద ఉన్న ఈ కిటికీల్లేని గదిలో కూర్చుని, ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని వాదించుకుంటారు. చివరి మాట మాత్రం జనరల్ మేనేజర్ గ్రాంట్‌దే. దెబ్బలు తిని కూడా ఆడేవాళ్లంటే అతనికి మహా ఇష్టం.

ఇంక ఒక్క కాంట్రాక్టే మిగిలింది. బోర్డు అడుగున రెండు పేర్లున్నాయి. ఒకడు ఫిన్లాండ్ కుర్రాడు ఈరో. రెండోవాడు కెనడాలోని సస్కాచవాన్‌లో గోధుమ పొలాల మధ్య పెరిగిన బ్రెట్. రేపు సాయంత్రంలోగా ఈ జట్టు సంతకం పెట్టించుకోకపోతే బ్రెట్‌ని ఇంకో జట్టు పిలవదు. వాడి హాకీ అక్కడితో సరి.

వాణ్ణి వెతికి తెచ్చినవాడు ఆర్విల్. ముప్పై ఏళ్లుగా చలిలో ఊరూరా తిరిగి కుర్రాళ్ల ఆట చూసి వస్తున్న మనిషి. ఒకప్పుడు అతని మాట మీద జట్టు మొదటి ఎంపికలోనే ఒకణ్ణి తీసుకుంది. వాడు ఎందుకూ పనికిరాలేదు. అప్పట్నుంచి ఆర్విల్ ఔనంటే గ్రాంట్ కాదంటాడు. ఆర్విల్ మెచ్చుకున్న కుర్రాడు వెంటనే వెళ్లి ట్రాక్టరు కొనుక్కోవడం మంచిదని, లెక్కలు చూసే నీల్ ఇందాకే అందరినీ నవ్వించాడు. ఆర్విల్ కూడా నవ్వాడు.

అందుకే మోరీన్ పొద్దున్నే అతన్ని పక్కకి పిలిచి బతిమాలింది. బ్రెట్ పేరు వచ్చినప్పుడు మీరు మాట్లాడకండి, నా వీడియో చూపించి ఊరుకుందాం అని. అతను కాఫీ కప్పులోకి చూస్తూ తలూపాడు.

వీడియో బాగానే నడిచింది. నీల్ కాగితాలు తిరగేసి, "డిసెంబర్‌లో వీడు తలకి దెబ్బ తగిలి పడిపోయాడట. రెండు ఆటలు మానేసి మళ్లీ దిగాడు" అన్నాడు.

గ్రాంట్ నిటారుగా కూర్చున్నాడు. "దిగాడా? అదీ, రే కొడుకంటే."

బ్రెట్ తండ్రి రే కింది లీగుల్లో ఆడిన రోజుల్లో గోల్స్ కన్నా పిడిగుద్దులకే పేరుపడ్డాడు. గ్రాంట్‌కి ఆ పిడికిళ్లే గుర్తు. తలకి తిన్న దెబ్బలకి రే ఇప్పుడు యాభై ఏళ్లు రాకుండానే శాశ్వతంగా నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. ప్రతి ఆదివారం భార్య డార్లీన్ వెళ్లి, కొడుకు పేరేమిటో అతనికి చెప్పి వస్తుంది.

గ్రాంట్ లేచి వెళ్లి బ్రెట్ పేరు బిళ్ళ మీద చెయ్యి వేశాడు. మోరీన్ గుండె తేలికపడింది.

"దెబ్బ కాదది, జ్వరం" అన్నాడు ఆర్విల్.

గ్రాంట్ చెయ్యి ఆగిపోయింది.

"రెండు ఆటలూ దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నేను వాళ్లింటికి వెళ్లి చూశాను కదా."

అంతటితో ఆగినా బాగుండేది. ఆర్విల్ ఆగలేదు. బోర్డు మీద మొదటి ముగ్గురూ బ్రెట్ కాలిగోటికి చాలరన్నాడు. రెండేళ్లలో జట్టుకి కెప్టెన్ అవుతాడన్నాడు. ఇలాంటివాణ్ణి తన జన్మలో చూడలేదన్నాడు. మోరీన్ బల్ల కింద అతని కాలు తొక్కింది. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు.

"పోయినసారీ ఇదే పాట పాడావు పెద్దాయనా" అన్నాడు గ్రాంట్.

"పాడాను. ఈసారి నా ఉద్యోగం పందెం. వాణ్ణి వదిలేస్తే నేనూ రేపట్నుంచి రాను."

గ్రాంట్ బిళ్ళని ఊడబెరికి బల్ల మీద ఉన్న అట్టపెట్టెలో పడేశాడు.

"నీ ఇష్టం. మోరీన్, ఈరోని పైకి జరుపు."

ఆర్విల్‌ని ఇంటి దగ్గర దింపడానికి మోరీన్ కారు తీసింది. రోడ్డెక్కగానే అడిగేసింది.

"జ్వరమని ఎందుకన్నారు? ఆయన చెయ్యి అప్పటికే బిళ్ళ మీద ఉంది."

"చూశాను."

"మీరు ఊరుకుని ఉంటే ఆ కుర్రాడు గట్టెక్కేవాడు. మీ ఉద్యోగమూ నిలిచేది."

ఆర్విల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దారి పొడుగునా ధాన్యం లారీలు.

"వాడు ఏడుస్తాడు" అన్నాడు.

"ఏడవడా మరి? నడక వచ్చినప్పట్నుంచి ఇదే కదా వాడి లోకం. రేపట్నుంచి ఏం చేస్తాడు?"

ఆర్విల్ కారు ఆపమన్నాడు. ఆమె రోడ్డు పక్కన ఆపింది. అతను జేబులోంచి ఫోను తీశాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. ఆ కుర్రాడికి తనే స్వయంగా చెప్పాల్సిన పాపం ఈ ముసలాయన నెత్తిన పడిందే అనుకుంటూ మోరీన్ మొహం తిప్పుకుంది.

అవతల ఎత్తింది ఆడగొంతు.

"అమ్మా డార్లీన్, నువ్వు కోరినట్టే వాణ్ణి వదిలేశారు."