ఖాళీ బిందెలు

వేసవిలో మా కాలనీ నీళ్లు సగానికి కోశారు. ఇవాళ పొద్దున్నే అందరి చెవుల్లో, ఏదడిగినా చెప్పే పూసలు ఒక్కసారే పలికాయి. "తగ్గిన నీళ్ల మీద సగం పెంచాం. సగం పోయింది, సగం వచ్చింది. మీ నీళ్లు మీకు వచ్చేసినట్టే!" కుళాయి దగ్గర జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం వచ్చాయి కుసుమక్కా, మన మొహం!" అంటూ మా బిందెలు పదీ వరసగా పెట్టాను. "ఇదివరకు ఇంటికి పది. సగం కోస్తే అయిదు. ఆ అయిదుకి దాన్లో సగం కలిపితే ఎన్ని?"

పక్కింటి కుసుమక్క చెయ్యి చెవి మీదికి పోయింది.

"నీ పూసని కాదు, నిన్నడుగుతున్నా!"

చెవిలో పూస ఉండగా లెక్కలెందుకని బడుల్లో ఎప్పుడో ఎత్తేశారు. లెక్కలు చదివిన ఆఖరి బ్యాచ్ మాది.

"పూస తప్పు చెబుతుందా?" అంది.

"నీళ్లు కోసినవాళ్లు చెప్పమన్నదే చెబుతుంది!" అని కుళాయి తిప్పాను. ఏడు బిందెలు నిండాయి. ఎనిమిదోది సగానికి రాగానే, మా వాటా అయిపోయిందని కుళాయి దానంతటదే ఆగిపోయింది.

జనం ఎనిమిదో బిందె చుట్టూ మూగారు. పూసలు మాత్రం ఇంకా అభినందనలు చెబుతూనే ఉన్నాయి.

మా అమ్మాయి సంహిత తన పూస పీకి గౌను జేబులో పడేసింది. మిగిలిన బిందెల్లోకి తొంగి చూసి, అందరికీ వినబడేలా అడిగింది.

"అమ్మా, ఇంటింటి నుంచీ ఈ రెండున్నర ఎవరింటికి పోతున్నాయి?"