గాజు పెట్టెలో గుడ్డు

"ఇంక పోదాం పద," అన్నాడు జిలానీ.

ఖుర్షీదా కదల్లేదు. ఆదికాలపు జంతువుల ప్రదర్శన చూద్దామని భర్త ఆమెను కోవూరు నుంచి నెల్లూరు తీసుకొచ్చాడు. కాన్పులో బిడ్డ పోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ మనసుకు ఎక్కడం లేదు. ఇల్లంత రాక్షసబల్లి బొమ్మ తల ఊపి గర్జించినా గోడను చూసినట్టే చూసింది. ఈ గాజు పెట్టె దగ్గర మాత్రం ఆగిపోయింది.

లోపల రాయిగా మారిన గుడ్డు పగిలి ఉంది. బయటికి రాకుండానే పోయిన పిల్ల అందులో ముడుచుకుని ఉంది.

"మనోడు కూడా ఇట్టనే ముడుచుకోనున్నాడా?" అని అడిగింది.

జిలానీ ఉలిక్కిపడ్డాడు. ఆపరేషన్ మత్తు వదిలి ఆమె కళ్లు తెరిచేసరికే బిడ్డను మట్టి చేసి వచ్చారు. ఆ తర్వాత ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. మర్నాడే అంగడి తెరిచిన మనిషికి చెప్పడానికేముంటుంది అనుకుంది ఆమె.

"లేదు. చేతులు చాపుకోని నిద్రపోతున్నట్టు ఉన్నాడు. తలనిండా జుట్టు. ముక్కు నీదే."

"ఎవరు ఎత్తుకున్నారు?"

"నేనే. గోరీల దాకా ఎవరికీ ఇయ్యలేదు." అతను గాజు మీద చెయ్యి ఆనించాడు. "యాసీన్ అని పేరు కూడా పెట్టినా."

బిడ్డ పోయాక ఖుర్షీదా మొదటిసారి భర్త ముఖంలోకి చూసింది. మనిషి సగమైపోయాడు.

"నన్ను యాసీన్ దగ్గరికి తీసకపోండి," అంది.