ఒక్క సారీ

మూకుడులో నూనె చిట్లి ఇయా మోజీ చేతిమీద పడింది.

"సారీ, అమ్మా," అన్నాడు ఎదురుగా నిలబడ్డ మనిషి.

"థాంక్యూ," అందామె, చెయ్యి విదిలించుకుంటూ.

నైజీరియాలోని ఇబాదాన్‌లో అంతే. ఎవరి కాలు తడబడినా, ఎవరికి తుమ్మొచ్చినా పక్కవాడు సారీ అంటాడు. తప్పు తనదని కాదు, అయ్యో పాపం అన్నట్టు.

ఆ మనిషి ఈమధ్యే కనబడుతున్నాడు. రోజూ వచ్చి అకరా వడలు కొంటాడు. అడక్కుండానే ఆమె నీళ్ల డబ్బా మోసుకొచ్చి పెడతాడు.

"పెళ్లికొడుకు వచ్చాడే," అంది పక్కన మిరపకాయలమ్మే రిసికత్.

"నోర్మూసుకో. మా ఆయన సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు."

ఇయా మోజీ అంటే మోజీ తల్లి; ఆమె భర్తను ఈ మలుపులోనే వ్యాను గుద్ది చంపేసింది. డ్రైవరు ఆగలేదు. అతని మొహం ఎవరూ చూడలేదు. అందుకే ఆమె పొయ్యి ఇక్కడికి మార్చి, వచ్చే ప్రతి వ్యానునూ కొరకొరా చూస్తోంది.

"వాడు దొరికితే ఏం చేస్తావమ్మా?" అడిగాడతను.

"ఈ నూనె నెత్తిన పోస్తా."

కాసేపు వడలు తిప్పింది.

"ముందు నా ఎదుట నిలబడి ఒక్క సారీ చెప్పమంటా. ఊరంతా చెప్పింది. దారిన పోయేవాళ్లూ చెప్పారు. చెప్పాల్సిన వెధవకే నోరు పెగల్లేదు. అదొక్కటి వింటే నాకింత నిద్ర పడుతుంది."

"సారీ, అమ్మా."

"నీ సారీ ఎవడిక్కావాలయ్యా? వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఇంకోసారి ఆ మాట నా ముందు ఎత్తకు."

"అది కాదమ్మా, నేను..."

"ఎత్తొద్దన్నానా? పో."

అతను పొట్లం తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. నీళ్ల డబ్బా తనే ఈడ్చుకుంటూ, కసిరినందుకు తనను తానే తిట్టుకుంది ఇయా మోజీ.

మధ్యాహ్నం పోలీసు వచ్చాడు.

"అమ్మా, ఆ వ్యాను డ్రైవరు తనంతట తనే వచ్చి లొంగిపోయాడు. చూస్తావా?"

ఆమె పొయ్యి ఆర్పలేదు. మూకుడు దింపలేదు. చేతిలో చిల్లుల గరిటెతోనే స్టేషనుకు నడిచింది. తిట్లన్నీ నాలుక చివరే ఉన్నాయి.

కటకటాల వెనక నీళ్ల డబ్బా మోసిన మనిషే లేచి నిలబడ్డాడు, ఆమె వద్దంది కాబట్టి ఆ మాట మాత్రం అనలేదు.