టైలరమ్మ పదకొండో ఫిర్యాదు

ముప్పై ఆరు నడుముకు యాభై ఆరు పెట్టి ప్యాంటు కుట్టేసింది టైలరమ్మ. వేసుకు చూసిన పెద్దమనిషి, ఇందులో తన తమ్ముడు కూడా పడతాడని చెప్పి, తిరిగిచ్చేసి వెళ్ళిపోయాడు.

తప్పు ఆమె కళ్ళది కాదు. కళ్ళు ఎప్పటినుంచో మసకే. కొలతలన్నీ జనం సోషల్ మీడియాలోనే పంపుతారు. ఎవరో పుణ్యాత్ముడు తయారుచేసిన బయటి యాప్‌లో వాటిని గుమ్మడికాయలంత అక్షరాలతో చదువుకునేది. పోయిన సోమవారం ఆ సోషల్ మీడియా కంపెనీవాళ్ళు ఇలాంటి బయటి యాప్‌లన్నిటికీ తలుపులు మూసేశారు. వాళ్ళ సొంత యాప్‌లో అక్షరాలు చీమ తలకాయలు. మధ్యమధ్య ప్రకటనలు. ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాల్సిందేనని ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది.

భయమేస్తే ఆమెకు నోరు లేస్తుంది. కొట్టు పేరున ఉన్న ఖాతాలోంచి కంపెనీకి ఫిర్యాదు పెట్టింది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ భద్రత కోసమే ఈ నిర్ణయం" అని జవాబొచ్చింది. మరి నా ప్యాంటుకు భద్రత ఎవరిస్తారని అడిగింది. మళ్ళీ అదే చింత. పది ఫిర్యాదులకు పదిసార్లు చింతించారు.

సాయంత్రం కొడుకు ఇంటికి రాగానే అంతా ఏకరువు పెట్టింది. వాడు ఏదో పెద్ద ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అక్కడేం చేస్తాడో నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ ఆమె బుర్రకెక్కలేదు.

"జవాబిచ్చేవాళ్ళూ జీతగాళ్ళే కదమ్మా. పైవాళ్ళు రాసిచ్చిందే పంపుతారు. వదిలెయ్," అన్నాడు కంచంలోంచి తల ఎత్తకుండా.

కన్నకొడుకే శత్రువుల పక్షం చేరేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు వాడు అటు ఆఫీసుకు వెళ్ళగానే ఇటు పదకొండో ఫిర్యాదు మొదలుపెట్టింది. అరగంట టైపు చేసింది. అక్షరాలు కనబడకపోయినా తిట్లు మాత్రం గురి తప్పలేదు. చివరగా, "నాయనా, నువ్వు మనిషివో యంత్రానివో తెలీదు. మనిషివే అయితే చెప్పు, మీ అమ్మ నిన్నిలాగే పెంచిందా?" అని పంపించింది.

ఈసారి జవాబు వెంటనే రాలేదు. కుట్టుమిషన్ మీద మోచేతులు ఆన్చి కూర్చుంది. పావుగంటకు ఫోను మోగింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"అమ్మా, నన్ను పెంచింది నువ్వే కాబట్టి అది నీకే తెలియాలి గానీ, మా మేనేజరు నా వెనకే నిలబడి చదువుతున్నాడు, ఇక ఆపు, సాయంత్రం వచ్చి నీ కొలతలన్నీ నేనే చదివిపెడతాను."