మెట్ల మీద కూర్చునే ఆమె

కరాటే క్లాసు పెట్టి రెండు నెలలైనా చైతన్య దగ్గర నలుగురే చేరారు.

నలుగురూ మగపిల్లలే.

చైతన్య పుట్టింది నరసరావుపేటలోనే అయినా చిన్నప్పుడే తండ్రికి బదిలీ అయి గుంటూరు వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళ తరువాత బ్లాక్ బెల్టుతో తిరిగొచ్చి, ఎరువుల దుకాణం పైన హాలు అద్దెకు తీసుకున్నాడు. ఊళ్ళో అతన్ని ఎరిగినవాళ్ళు లేరు.

బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. పేపర్లలో కరపత్రాలు పెట్టించాడు. రెండు స్కూళ్ళకు వెళ్ళి పిల్లల ముందు పెంకులు పగలగొట్టి చూపించాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. చేరడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఈ రోజుల్లో ఫ్లెక్సీలు ఎవరూ తలెత్తి చూడరని, అందరి కళ్ళూ ఫోన్లలోనే ఉంటాయని స్నేహితుడు విశాల్ చెప్పాడు. అతనే వచ్చి ఒక రీలు తీశాడు. దాని మీద ‘ఆడపిల్లలకు ఆత్మరక్షణ’ అని పెద్ద అక్షరాలు వేశాడు.

పది రోజులకు ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. నెల తిరిగేసరికి పద్దెనిమిది మంది అయ్యారు.

వాళ్ళలో హఫ్సా అనే ఎనిమిదో తరగతి పిల్ల మెరుపులా ఉండేది. ఒకసారి చూపిస్తే రెండోసారి అడిగేది కాదు. గుంటూరులో జరిగే పోటీలకు ఆ పిల్ల పేరు పంపాడు చైతన్య.

రీలు మహిమ అని విశాల్ మురిసిపోయాడు. ఇంకొకటి తీద్దామన్నాడు.

పిల్లలంతా తెల్లటి దుస్తుల్లో మెట్లెక్కి పరుగున రావాలి. అదీ దృశ్యం.

కానీ మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. వెలిసిన నేత చీర, ఒళ్ళో గుడ్డసంచి. నెల రోజులుగా సాయంత్రం ఐదయితే చాలు, అక్కడే కూర్చుంటోంది. చైతన్య హాలు సర్ది, తాళం వేసి దిగేసరికి మాత్రం ఉండేది కాదు.

మూడుసార్లు తీసినా మూడుసార్లూ ఆమె వీడియోలో పడింది.

చైతన్య కిందికి దిగి, మీ పిల్ల ఎవరైనా క్లాసులో ఉందా అని అడిగాడు. లేదని ఆమె తల ఊపింది.

“మరి రోజూ ఎందుకమ్మా ఇక్కడ కూర్చుంటారు?”

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది.

“ఊరికేలే నాయనా.”

“ఆడపిల్లలు వచ్చే చోటు ఇది. ఎవరో తెలియని మనిషి రోజూ కూర్చుంటే వాళ్ళ అమ్మానాన్నలు ఏమనుకుంటారు? రేపటినుంచి రావద్దమ్మా.”

అతను నెమ్మదిగానే చెప్పాడు. ఆమె నొచ్చుకున్నట్టు కనపడలేదు.

“నిజమే. అట్టా అడగాల్సిందే,” అంటూ సంచీ తీసుకుని మెట్లు దిగి, వీధి మలుపు దాకా నడిచింది.

రీలు బాగా వచ్చింది.

మర్నాడు ఆరుగురు ఆడపిల్లలు రాలేదు. ఆ పైరోజు ఇంకో ఏడుగురు. వారం తిరిగేసరికి ఆడపిల్లల్లో ఇద్దరే మిగిలారు.

ఇళ్ళకు ఫోన్ చేస్తే ఒకరు పరీక్షలన్నారు, ఒకరు జలుబన్నారు. మొదటి నెల ఉచితమని చైతన్య కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. విశాల్ మూడో రీలు పెట్టాడు. దాన్ని నాలుగు వేల మంది చూశారు. ఒక్కరూ మెట్లెక్కలేదు.

పోటీలు ఎనిమిది రోజుల్లోకి వచ్చాయి. ఇక ఆగలేక హఫ్సా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

వాకిట్లో ఆ పిల్ల ఒక్కతే గాలిలోకి పంచ్‌లు విసురుతోంది. మాస్టారిని చూసి సిగ్గుపడి లోపలికి పరుగెత్తింది. తల్లి జాహెదా జాకెట్లు కుడుతున్న మిషను ఆపి, కుర్చీ వేసింది.

“పంపాలనే ఉంది మాస్టారూ. క్లాసు అయ్యేసరికి పొద్దుగూకుతది. వాళ్ళ నాన్న షెడ్డు నుంచి వచ్చేది ఎనిమిదింటికి. ఇక తోడెవరున్నారు?”

“ఇన్నాళ్ళూ ఎవరు తీసుకొచ్చారు?”

జాహెదా అతన్ని వింతగా చూసింది.

శేషమ్మ పిన్ని అని చెప్పింది. మెట్ల మీద కూర్చునే ఆమే. నాలుగు వీధుల పిల్లల్నీ పోగేసుకుని తీసుకెళ్ళేది. క్లాసు అయ్యాక ఎవరి గడప దగ్గర వాళ్ళను దించితే గానీ తన ఇంటికి పోయేది కాదు.



“రీలు చూసి పంపారనుకున్నాను,” అన్నాడు చైతన్య.

“ఏం రీలో నాకు తెలవదు మాస్టారూ. ఆడపిల్లల్ని పంపేది గదా, కొత్త మాస్టరు ఎట్టాంటోడో ఏందో అని మేం చానా వెనకాడాం. ఆమె ఇంటింటికీ వచ్చి చెప్పింది. అందుకే పంపాం.”

చైతన్య లేచి నిలబడ్డాడు. ఆమె ఇల్లు ఎక్కడో చూపించమన్నాడు.

ఆమె తానుండే అద్దె గది ఖాళీ చేసిందని జాహెదా చెప్పింది. మాస్టరు అన్న మాట సబబేనని, తానే ముందుగా అడిగి కూర్చోవాల్సిందని అందట. విజయపురి సౌత్‌లో ఉన్న చెల్లెలు ఎప్పటినుంచో రమ్మంటుంటే, ఇక్కడిక తనకేం పని అని మొన్న ఆదివారం బస్సెక్కింది.

“నేనెవరో తెలియకుండా నా గురించి ఇంటింటికీ ఎలా చెప్పిందమ్మా?” అన్నాడు చైతన్య.

“తెలవకపోవడమేంది మాస్టారూ,” అంది జాహెదా. “మునిసిపల్ బడిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది గదా, ‘ఒకటో తరగతిలో రోజూ నేనే చెయ్యి పట్టుకుని ఇంటికాడ దించిన పిల్లోడు, వాడి మనసు నాకు తెలుసు, నమ్మి పంపండి’ అనే మాకు చెప్పింది.”